జాంగల దేశంలో నడక: చెమటను నమ్మి మోసపోరాదు

నేను రాంనగర్ వాస్తవ్యుడను. ప్రతిదినం ఉదయం బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య పార్కులోనో, ఇందిరా పార్కులోనో నడవడం నాకు చిరకాలపు అలవాటు. అక్కడి నీడలో చదునైన బాటపై నడిచేవారికి నేను క్రొత్తగా చెప్పవలసినది లేదు. సెలవునాడు జూబ్లీహిల్స్‌లోని కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ వనానికో, చిలుకూరు వైపున్న మృగవనికో వెళ్లి రెండు గంటలు నడిచి రాదలచిన గృహస్థుల కొరకే ఈ వ్యాసం.

ఆయుర్వేదం దేశాన్ని మూడు విధాలుగా చెప్పింది. నీరు, దట్టమైన పచ్చదనం గలది ఆనూపం. పొడిగాలి వీచే బయలు ప్రదేశం జాంగలం. ఈ రెంటి లక్షణాలూ సమంగా ఉన్నది సాధారణం. చండ్ర, రేగు, జమ్మి వంటి చెట్లు, ఎండమావులు జాంగల దేశానికి గుర్తులని చరకుడు వర్ణించాడు. మన దక్కను రాజస్థానపు థార్ వంటి ఎడారి కాదు. అయినను వేసవిలో ఆకు రాల్చిన చెట్ల మధ్య, కాలిన నల్లరాతి బండల ప్రక్కన నడిచేవానికి జాంగల దేశమంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. వనస్థలిపురం వద్ద 1975లో ఏర్పడిన మహావీర హరిణ వనస్థలిలో కృష్ణజింకలు సుఖంగా ఉన్నాయంటే కారణం ఆ మెట్టబయలే. జింకకు హితమైనది మనిషికి కూడ హితమని భావించరాదు.

2016 ఏప్రిల్‌లో మా బావమరిది అమలాపురం నుండి వచ్చాడు. కాలువగట్టు మీద రోజూ నాలుగు మైళ్లు నడిచే దృఢకాయుడు. బ్రహ్మానందరెడ్డి వనం చుట్టూ గల బాట దాదాపు ఆరు కిలోమీటర్లు. ఇడ్లీలు, కబుర్లు ముగించుకొని మేము నడక మొదలుపెట్టేసరికి తొమ్మిదైనది. ఇద్దరికీ కలిపి అర లీటరు సీసా ఒక్కటే. ఈ తప్పు పూర్తిగా నాదే.

"బావగారూ, మీ ఊళ్లో చెమటే పట్టదండీ! మా కోనసీమలో ఈపాటికి చొక్కా పిండుకోవాలి" అంటూ అతడు వేగం పెంచాడు. నీళ్లందిస్తే, చెమటే లేనప్పుడు నీళ్లెందుకన్నాడు. మూడు వంతులలో రెండు వంతుల దారి గడిచేసరికి మాట తడబడింది. చొక్కా పొడిగానే ఉంది. కాని మెడపట్టీ వెంబడి తెల్లని ఉప్పుచారలు తేలాయి. కూర్చుందామంటే బండ పెనంలా కాలుతోంది. చెట్టునీడకు చేర్చి, తుండుగుడ్డ తడిపి మెడకు, చంకలకు అద్ది, తెలివి బాగానే ఉన్నదని నిశ్చయించుకొని ఉప్పు మజ్జిగ గుక్కగుక్కగా త్రాగించాను. తేరుకోవడానికి గంట పట్టింది.

అతనికి చెమట పట్టకపోలేదు, పట్టినది నిలువలేదు. సముద్రతీరపు తడిగాలిలో చెమట ఆరక కారిపోతుంది. పీఠభూమి పొడిగాలిలో పుట్టిన క్షణమే ఆవిరవుతుంది. శరీరం నీటిని, ఉప్పును పోగొట్టుకుంటున్నా మనకు తెలియదు.

వ్యాయామం బలంలో సగం వరకే చేయాలని మన ఆచార్యులు శాసించారు. వాగ్భటుడు దానినీ శీతకాలానికి, వసంతానికి పరిమితం చేసి, తక్కిన ఋతువులలో ఇంకా తగ్గించమన్నాడు. సగం బలం ఎప్పుడు ఖర్చయినదో తెలుసుకోవడానికి నుదుట, ముక్కుపైన, చంకలలో చెమట పట్టడం, నోరెండడం, నోటితో శ్వాస విడవవలసి రావడం గుర్తులుగా చెబుతారు. వీటిలో మొదటిది జాంగల దేశంలో పనికిరాదు. కనుక శ్వాసను, నోటిని గమనించండి. ప్రక్కవానితో ఒక వాక్యం ఆయాసం లేకుండ పూర్తి చేయలేకపోతే సగం బలం అయిపోయినట్లే.

ఖరీదైన బూట్ల కంటె నీటిసీసా ముఖ్యమని నా అభిప్రాయం. రెండు గంటల నడకకు మనిషికి లీటరున్నర ఉంచుకోండి. దాహం వేసేదాకా ఆగక పావుగంటకొకసారి అరగ్లాసు త్రాగండి. సగం నీరు అయిపోయిన చోటునుండి వెనుదిరగండి. వట్టినీరే అదేపనిగా త్రాగడం కూడ మంచిది కాదు. ఒక వంతు పెరుగుకు నాలుగు వంతుల నీరు పోసి చిలికి, ఉప్పు, దంచిన అల్లం, కరివేపాకు కలిపిన మజ్జిగ మన ఇళ్లలోని ఉత్తమ పానీయం. అది లేనిచోట లీటరు నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు తలకొట్టుగా కొలిచి కలపండి. రక్తపోటుకు, గుండెకు, మూత్రపిండాలకు మందులు వాడేవారు, మధుమేహం ఉన్నవారు ఎంత నీరు, ఎంత ఉప్పు, ఎంత తీపి తగునో ముందుగా వైద్యుని అడగాలి.

అమెరికాలోని పిల్లల వద్దకు వెళ్లే తల్లిదండ్రులు కూడ ఇది గుర్తుంచుకోవాలి. అరిజోనాలోని ఫీనిక్స్ నగరంలో, విపరీతపు ఎండ హెచ్చరిక ఉన్న రోజులలో, కామెల్‌బ్యాక్ కొండ కాలిబాటలను 2021 నుండి పగటి వేళ మూసివేస్తున్నారు.

మాట అర్థం లేకుండ సాగినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. అప్పుడు నోట ఏమీ పోయరాదు, ఏ చిట్కా కొరకూ వెదకరాదు. ఒంటిపై నీరు పోసి విసురుతూ తక్షణం ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.

మా బావమరిది మరుసటి ఏడు మార్గశిరంలో మళ్లీ వచ్చాడు. ఆరున్నరకే నడక ప్రారంభించి, తొమ్మిదికి రాంనగర్ ఇంట్లో ఉప్మా తింటూ, సీసాలో మిగిలిన మజ్జిగను మా మనుమడికిచ్చాడు.