పాటలున్నా నిద్ర లేదు

మాది విజయవాడ, పటమట. మావారికి పాటలంటే ప్రాణం. ఈ మధ్య కారులో ఉన్న మామూలు స్టీరియో తీయించి టచ్‌స్క్రీన్, స్పీకర్లు, యాంప్లిఫయర్, డిక్కీలో సబ్‌వూఫర్ పెట్టించారు. 90 వేలైంది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మాకు చోటు లేదు, కారు రోడ్డు మీదే ఉంటుంది. పోయిన నెల మా వీధిలో ఒకరి కారు అద్దం పగలగొట్టి స్క్రీన్ పీక్కుపోయారు. అప్పటినుంచీ ఈయన అర్ధరాత్రి లేచి బాల్కనీలోంచి చూసొస్తున్నారు. కొండ మీద అమ్మవారి దర్శనానికి వెళ్దామన్నా ‘కారెక్కడ పెడతాం’ అంటారు. అత్తగారేమో అమ్మేయమంటున్నారు. ఈయన అద్దాలకు నల్ల ఫిలిం వేయిస్తానంటున్నారు. ఏం చేయమంటారు?
– ఓ ఇల్లాలు, విజయవాడ

అమ్మా, అమ్మేయక్కర్లేదు. అంత ఇష్టపడి పెట్టించుకున్నది ఆయన హాయిగా వినాలి, మీరు హాయిగా నిద్రపోవాలి.

నల్ల ఫిలిం ఆలోచన మాత్రం మానిపించండి. 2012లోనే సుప్రీంకోర్టు వాటిని వద్దంది. ఇప్పటి నిబంధన ప్రకారం ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలి. అంత వెలుతురు వచ్చే ఫిలిం వేస్తే లోపలి స్క్రీన్ ఎలాగూ కనిపిస్తుంది.

అసలు దొంగకు ఆశ పుట్టకూడదు. వెనక అద్దం మీద స్టీరియో కంపెనీ స్టిక్కర్ ఉంటే ఈరోజే తీసేయండి. వీధి మలుపులోనే సౌండ్ తగ్గించమనండి; బేస్ దడదడలాడుతూ వచ్చిన కారు ఎక్కడ ఆగిందో వీధంతా చూస్తుంది. యాంప్లిఫయర్ సీటు కిందికి మార్చవచ్చేమో షాపువాళ్లను అడగండి. సబ్‌వూఫర్ బయటికి కనబడకుండా డిక్కీ ట్రే ఎప్పుడూ మూసి ఉంచండి.

స్క్రీన్ ముందు భాగం ఊడదీసే రకమైతే రాత్రి ఇంట్లోకి తెచ్చుకోండి. కాకపోతే వెనక ఇనుప పట్టీతో బిగించి, మామూలు స్క్రూడ్రైవర్‌కు లొంగని స్క్రూలు వేయించండి. అద్దం పగిలాక ఎక్కువసేపు అక్కడే కూర్చునే ధైర్యం దొంగకు ఉండదు. అలారం విషయంలో చాలామంది పొరబడతారు: చాలా కార్లకు కంపెనీ ఇచ్చే అలారం తలుపు తెరిస్తేనే మోగుతుంది, అద్దం పగిలితే మోగదు. షాక్ సెన్సర్ ఉన్నది పెట్టించండి.

ఇన్సూరెన్స్ సంగతి మీరు రాయలేదు. నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది అదే. కారుతో రాని సామాను పాలసీలో విడిగా నమోదు చేయకపోతే, పోయిన రోజు కంపెనీ పైసా ఇవ్వకపోవచ్చు. బిల్లు తీసుకెళ్లి ‘ఎలక్ట్రికల్ యాక్సెసరీస్’ కింద చేర్చమని అడగండి. పాత టారిఫ్ లెక్కలో దీనికి ప్రీమియం విలువలో 4 శాతం, అంటే 90 వేలకు ఏడాదికి 3,600 రూపాయలు. కంపెనీని బట్టి మారవచ్చు. ఏటేటా తరుగుదల తీసేస్తారు కాబట్టి మూడో ఏట 90 వేలూ వస్తాయనుకోవద్దు. మరో మాట, పాలసీ వర్తించేది సామాను బండిలో ఉన్నప్పుడే. ఊడదీసి ఇంట్లో పెట్టిన ప్యానెల్ అక్కడ పోతే కారు ఇన్సూరెన్స్‌కు సంబంధం లేదు. ఎప్పుడైనా అద్దం ఒక్కటే పగిలితే క్లెయిమ్‌కు తొందరపడకండి. నో క్లెయిమ్ బోనస్ పోవడం వల్ల వచ్చే నష్టం అద్దం ఖరీదుకంటే ఎక్కువ కావచ్చు.

బిల్లుతో పాటు స్క్రీన్, యాంప్లిఫయర్ల సీరియల్ నంబర్లను ఫోటో తీసి మీ ఫోన్‌లోనూ ఆయన ఫోన్‌లోనూ ఉంచండి. రేపు పోలీసులకు ఏదైనా దొరికినా, నంబరు లేకుండా అది మీదేనని చూపించడం కష్టం.

దర్శనం మానొద్దు. టికెట్ ఇచ్చే పార్కింగ్‌లో పెట్టి, ఆ టికెట్ జాగ్రత్త చేయండి. ఇంటి దగ్గరైతే సీసీ కెమెరా కంట్లో పడేలా, వీధి దీపం కింద పెట్టుకోండి.

మీ వీధిలో స్క్రీన్ పోగొట్టుకున్నవాళ్లు ఎఫ్‌ఐఆర్ నమోదు చేయించారో లేదో కనుక్కోండి. చేయించకపోతే మీరే వెంట వెళ్లి ఫిర్యాదు ఇప్పించండి. స్టేషన్ రికార్డులో ఆ దొంగతనం ఉంటే, మీ వీధికి రాత్రి గస్తీ పెంచమని అడగడానికి మీ అందరికీ ఆధారం దొరుకుతుంది.