విదేశంలో అద్దె ఇంటికి ఇంటర్నెట్ - ఎంచుకునే పద్ధతి



వార్షికోత్సవ సంచికలో పోటీ పరీక్షల గురించి, పై చదువుల గురించి వ్యాసాలు వస్తూనే ఉంటాయి. ఈసారి మేము చాలా చిన్నదిగా కనిపించే విషయం ఒకటి రాస్తున్నాము. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసినవాళ్ళము మేమే మొదలు. ఇప్పుడు ఇంగ్లండులో పి.జి. చదువుతున్నాము. తెలంగాణలో అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి వంటి పథకాల వల్ల, బ్యాంకు అప్పుల వల్ల మన హాస్టళ్ళ నుండి కూడా విదేశాలకు వెళ్ళేవాళ్ళు ఉన్నారు. వెళ్ళేముందు వీసా గురించి, ఫీజుల గురించి చెప్పేవాళ్ళు దొరుకుతారు. అక్కడ దిగాక అద్దె ఇంట్లో ఇంటర్నెట్ ఎలా పెట్టించుకోవాలో చెప్పేవాళ్ళు దొరకరు.

ఇదేమంత పెద్ద సంగతి అనుకోవద్దు. మేమెరిగిన ఒక అన్న నెలకు నాలుగైదు పౌండ్లు తగ్గుతుందని 24 నెలల ఒప్పందం తీసుకున్నాడు. కోర్సు ఏడాదిలో అయిపోయింది. ఉద్యోగం వేరే ఊళ్ళో దొరికింది. కొత్త ఇంటికి ఆ కంపెనీ లైను లేదు. మిగిలిన నెలలకు పెద్ద మొత్తం కట్టవలసి వచ్చింది. పౌండు నూరు రూపాయల పైమాట గదా! ఆ నెల ఇంటికి పంపవలసిన డబ్బు అటే పోయింది. ఊళ్ళో కూలికి వెళ్ళే అమ్మకు ఆ సంగతి ఫోనులో చెప్పలేకపోయాడు. అందుకే ఈ పాఠం.

మేము చెప్పేది బ్రిటన్ పద్ధతి. వేరే దేశాలలో నియమాలు వేరుగా ఉంటాయి. అయినా అడగవలసిన ప్రశ్నలు చాలావరకు ఇవే.

1. ముందు ఇంటికి ఏ లైను ఉందో చూడాలి

మన ఊళ్ళో కేబుల్ ఆయన వచ్చి స్తంభం నుండి స్తంభానికి వైరు లాగి కనెక్షన్ ఇచ్చి వెళతాడు. అక్కడ అలా కుదరదు. ఇంటికి ఇంతకుముందే ఏ లైను వచ్చి ఉందో దానిని బట్టి మనకు ఉన్న దారులు తేలిపోతాయి. ముఖ్యంగా మూడు రకాలు.

మొదటిది, వీధి పెట్టె దాకా ఫైబర్, అక్కడి నుండి ఇంటికి పాత టెలిఫోను రాగితీగ. దీనిలో వేగం సుమారు 80 మెగాబిట్లకు మించదు. వీధి పెట్టె దూరమైనకొద్దీ ఇంకా తగ్గుతుంది. రెండవది, నేరుగా ఇంట్లోకే వచ్చే ఫైబర్. దీనిలో వెయ్యి మెగాబిట్ల దాకా, కొన్నిచోట్ల అంతకు మించి కూడా వస్తుంది. మూడవది, కేబుల్ టి.వి. లైను ద్వారా వచ్చేది. వర్జిన్ మీడియాకు ఇటువంటి సొంత లైన్లు ఉన్నాయి.

ఇక్కడ ఒక కిటుకు ఉంది. బి.టి., స్కై, టాక్‌టాక్, ప్లస్‌నెట్ అని పేర్లు చాలా కనిపిస్తాయి గాని, వీళ్ళందరూ ఎక్కువచోట్ల ఓపెన్‌రీచ్ అనే ఒకే సంస్థ లైనునే వాడుకుంటారు. ఒకే చెరువు నీళ్ళను నలుగురు నాలుగు పేర్లతో అమ్మినట్లు. కాబట్టి ఒకే రకం లైనుపై కంపెనీ మార్చినంత మాత్రాన వేగం పెద్దగా మారదు. ధర, ఒప్పందం, ఫోనెత్తి జవాబు చెప్పే తీరు, ఇవి మారతాయి.

ఆఫ్‌కామ్ అనేది అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ, మన ట్రాయ్ లాంటిది. దాని వెబ్‌సైటులో ఇంటి పోస్ట్‌కోడ్ కొడితే ఆ చిరునామాకు ఏ రకం లైను ఉందో, ఎంత వేగం రావచ్చో, ఏ మొబైల్ కంపెనీ సిగ్నల్ అందుతుందో కనబడుతుంది. ఇల్లు అద్దెకు ఖాయం చేసుకోకముందే ఇది చూడాలి. ఇందుకు ఖర్చేమీ లేదు.

2. వేగం లెక్క తెలుసుకోవాలి

ప్రకటనల్లో వేగం మెగాబిట్లలో ఉంటుంది. మనం దించుకునే ఫైలు సైజు మెగాబైట్లలో ఉంటుంది. 8 బిట్లు ఒక బైటు. అంటే 80 మెగాబిట్ల లైనులో సెకనుకు 10 మెగాబైట్లు వస్తాయి. 700 మెగాబైట్ల సినిమా దిగడానికి 70 సెకన్లు చాలు. అమ్మానాన్నలతో వీడియో కాల్‌కు, ఆన్‌లైన్ క్లాసుకు కొద్ది మెగాబిట్లు సరిపోతాయి. నలుగురు ఉన్న ఇంటికి 50 నుండి 100 మెగాబిట్ల లైను దండిగా చాలు. అయిదువందలు, వెయ్యి అని ఆశ పెడితే అదనంగా డబ్బు పెట్టనక్కరలేదు.

తెల్లవారుజామున హాస్టల్లో అందరూ ఒకేసారి కుళాయిలు తిప్పితే ధార ఎలా సన్నబడుతుందో మనకు తెలుసు. ఇంటర్నెట్‌కు ఆ రద్దీ వేళ రాత్రి 8 నుండి 10 గంటలు. 2018 మే నుండి అక్కడి ప్రకటనల నియమం ప్రకారం, కంపెనీ చెప్పే సగటు వేగం ఆ రద్దీ వేళలో కనీసం సగంమంది వినియోగదారులకు అందుతూ ఉండాలి. మిగతా సగంమందికి తక్కువ రావచ్చునని దీని అర్థం. అందువల్ల ప్రకటనలో అంకె కాకుండా, మన చిరునామాకు హామీ ఇచ్చే కనీస వేగం ఎంత అని అడగాలి.

పైకి పంపే వేగం కూడా చూడాలి. రాగితీగ లైనులో అది 20 మెగాబిట్లకు లోపే. ప్రాజెక్టు ఫైళ్ళు పంపేవాళ్ళకు, వీడియో ఇంటర్వ్యూలు ఇచ్చేవాళ్ళకు ఇది ముఖ్యం.

3. ఒప్పందం గడువు - ఈ పాఠానికి ఇదే గుండెకాయ

అక్కడ మొదటి ఒప్పందం 24 నెలల దాకా ఉండవచ్చు. నెలనెలా ధర తక్కువగా కనిపించేవి చాలావరకు ఇవే. 18 నెలలవి, 12 నెలలవి కూడా ఉన్నాయి. కొన్ని కంపెనీలు విద్యార్థుల కోసం 9 నెలలవి ఇస్తుంటాయి. 30 రోజుల నోటీసుతో ఎప్పుడైనా ఆపుకోగలిగేవీ ఉన్నాయి. గడువు పూర్తికాకుండా మానేస్తే మిగిలిన నెలల చార్జీలో చాలా భాగం కట్టాలి.

ఒక లెక్క చేద్దాం. అంకెలు మేము ఉదాహరణకు వేసినవి. నలుగురు విద్యార్థులు అక్టోబరు నుండి ఆగస్టు వరకు 11 నెలలు ఒక ఫ్లాటులో ఉంటారనుకుందాం.

(అ) 24 నెలల ఒప్పందం: నెలకు 26 పౌండ్లు, ప్రతి ఏప్రిల్‌లో 3 పౌండ్ల పెంపు. మొదటి 6 నెలలకు 156, తరువాతి 5 నెలలకు నెలకు 29 చొప్పున 145. మొత్తం 301. మిగిలిన 13 నెలలకు నెలకు 20 చొప్పున వసూలు చేస్తే 260. కలిపి 561 పౌండ్లు.

(ఆ) 12 నెలల ఒప్పందం: నెలకు 31 పౌండ్లు, పెంపు లేదు, మొదట్లో 10. పన్నెండో నెల వాడకపోయినా కట్టాలి. మొత్తం 382 పౌండ్లు.

(ఇ) నెలవారీ: నెలకు 36 పౌండ్లు, మొదట్లో 30. పదకొండు నెలలకు మొత్తం 426 పౌండ్లు.

నెల ధర చూస్తే (అ) అన్నిటికన్నా చవక. మొత్తం చూస్తే అదే అన్నిటికన్నా ఖరీదు. ఒక్కొక్కరి వాటా (అ)లో 140 పైన, (ఆ)లో 95 పైన, (ఇ)లో 106 పైన పడుతుంది. అదే రెండేళ్ళూ ఆ ఇంట్లోనే ఉండేవాళ్ళకైతే (అ)కు 696, (ఇ)కు 894 పౌండ్లు అవుతాయి. వాళ్ళకు (అ) మంచిది. కనుక 24 నెలల ఒప్పందమే చెడ్డదని మేము అనడం లేదు. మనం ఆ ఇంట్లో ఎన్నాళ్ళు ఉంటామో ముందు తేల్చుకోవాలి. ఇంటి అద్దె ఒప్పందం గడువు, కోర్సు గడువు, ఇంటర్నెట్ గడువు, ఈ మూడూ కాగితం మీద పక్కపక్కన రాసుకోవాలి. ఇంటర్నెట్ గడువు మిగిలిన రెంటినీ దాటకూడదు.

ఇల్లు మారితే కనెక్షన్ కూడా మార్చి ఇస్తామని కంపెనీలు అంటాయి. కొత్త ఇంటికి వాళ్ళ లైను ఉంటేనే అది కుదురుతుంది. కొన్నిసార్లు కొత్త గడువు మళ్ళీ మొదటి నుండి మొదలవుతుంది. ఇది ముందే అడిగి తెలుసుకోవాలి.

4. ఎవరి పేరు మీద?

నలుగురు వాడినా కనెక్షన్ ఒకరి పేరు మీదే ఉంటుంది. కంపెనీకి బాకీపడేది ఆ ఒక్కరే. ప్రతి నెలా డైరెక్ట్ డెబిట్ పద్ధతిలో ఆ ఒక్కరి బ్యాంకు ఖాతా నుండే డబ్బు పోతుంది. మిగతా ముగ్గురు వాటా ఇవ్వకుండా వెళ్ళిపోతే కంపెనీకి సంబంధం లేదు. బాకీ ఉండిపోతే ఆ పేరు మీద రుణ చరిత్ర చెడుతుంది. తరువాత ఫోను కనెక్షన్‌కు, అద్దె ఇంటికి, బ్యాంకు అప్పుకు ఇబ్బంది పడవలసి వస్తుంది.

మన పిల్లల్లో ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళ మీద, మొహమాటం ఎక్కువ ఉన్నవాళ్ళ మీద ఈ బరువు పడుతుంది. మంచితనం మంచిదే. అయినా హాస్టల్లో మెస్ కమిటీ లెక్కల పుస్తకం రాసినట్లుగానే ఇక్కడా రాయాలి. ఎవరి వాటా ఎంత, ఏ తేదీకి ఇవ్వాలి, మధ్యలో వెళ్ళిపోతే ఏం చేయాలి అన్నది ఒక కాగితం మీద రాసి నలుగురూ సంతకం చేయాలి. చివరి నెల వాటా ముందే తీసి పెట్టుకోవడం ఇంకా మేలు.

కొత్తగా దిగినవాళ్ళకు అక్కడ రుణ చరిత్ర ఏమీ ఉండదు. అందువల్ల కొన్ని కంపెనీలు డిపాజిట్ అడగవచ్చు, లేదా ఇవ్వమనవచ్చు. అది మన తప్పు కాదు, మనల్ని చిన్నచూపు చూడడమూ కాదు. ఇంకో కంపెనీని అడగాలి. లేదా నెలవారీ పద్ధతికి వెళ్ళాలి.

5. ఇంటి యజమానిని అడగవలసినవి

(1) అద్దెలో ఇంటర్నెట్ కలిసి ఉందా? ఉంటే వేగం ఎంత? (2) పాత కనెక్షన్ ఇంకా ఎవరి పేరు మీదైనా నడుస్తోందా? (3) ఫైబర్ కొత్తగా వేయించాలంటే గోడకు రంధ్రం చేయడానికి అనుమతి ఇస్తారా? అనుమతి ఉత్తరం ద్వారా గానీ ఈ-మెయిల్ ద్వారా గానీ తీసుకోవాలి. నోటిమాట పనికిరాదు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఆ రంధ్రం పేరు చెప్పి డిపాజిట్‌లో కోత పెట్టే అవకాశం ఉంది. పెద్ద ఫ్లాట్ల భవనాలలో యజమాని ఒక్కరి అనుమతి చాలకపోవచ్చు, భవనం మొత్తానికి అనుమతి ఉండాలి. అలాంటిచోట ఉన్న లైనుతో సరిపెట్టుకోవడమే తెలివి.

6. లైను లేకుండా

ఇంకొక దారి ఉంది. సిమ్ కార్డు వేసే 4జి, 5జి రూటర్లు దొరుకుతాయి. గోడకు రంధ్రం అక్కరలేదు, ఇంజనీరు రానక్కరలేదు, ఇల్లు మారితే సంచిలో వేసుకుని పోవచ్చు. నెలవారీ సిమ్‌తోనూ నడుపుకోవచ్చు. ఇంట్లో సిగ్నల్ బాగా ఉంటే ఏడాదిలోపు ఉండేవాళ్ళకు ఇది మంచి ఏర్పాటు. అయితే పాత ఇళ్ళ మందపాటి గోడల వల్ల లోపల సిగ్నల్ పడిపోతుంది. ముందు ఒక నెల సిమ్ ఫోనులో వేసి, ఆ గదిలోనే రాత్రిపూట పరీక్షించి అప్పుడు రూటరు కొనాలి.

7. మనకున్న హక్కులు

- ఆన్‌లైన్‌లో గానీ ఫోనులో గానీ తీసుకున్న ఒప్పందాన్ని 14 రోజులలోపు రద్దు చేసుకోవచ్చు. ఆలోగా కనెక్షన్ మొదలైతే వాడిన రోజులకు కట్టాలి.
- సంతకానికి ముందే ముఖ్యమైన వివరాలతో ఒప్పందం సారాంశం ఇవ్వాలి. గడువు, ధర, కనీస వేగం, ముందే మానేస్తే కట్టవలసినది, ఈ నాలుగూ దానిలో వెతకాలి.
- 2025 జనవరి 17 తరువాత చేసుకున్న ఒప్పందాలలో మధ్యలో ధర పెంచేటట్లయితే ఎన్ని పౌండ్లు, ఎన్ని పెన్నీలు, ఎప్పుడు అన్నది ముందే చెప్పాలి.
- ఆఫ్‌కామ్ వేగ నియమావళిలో చేరిన కంపెనీ హామీ ఇచ్చిన కనీస వేగం ఇవ్వలేక, 30 రోజులలో బాగుచేయలేకపోతే జరిమానా లేకుండా మానుకోవచ్చు.
- 2024 సెప్టెంబరు 12 నుండి కంపెనీ మారాలంటే కొత్త కంపెనీకి చెబితే చాలు, పాతదానితో మాటలు వాళ్ళే చూసుకుంటారు. గడువు మిగిలి ఉంటే దాని చార్జీ మాత్రం మనదే.

ప్రభుత్వ సహాయం పొందే పేద కుటుంబాలకు అక్కడ తక్కువ ధర పథకాలు ఉన్నాయి. విద్యార్థి వీసా మీద వెళ్ళినవాళ్ళకు ఆ ప్రభుత్వ సహాయాలు తీసుకునే వీలు లేదు కాబట్టి వాటి మీద ఆశ పెట్టుకోవద్దు.

మానేసేటప్పుడు నోటీసు రాతపూర్వకంగా ఇవ్వాలి. కంపెనీ రూటరు తిరిగి పంపి రసీదు దాచుకోవాలి. లేదంటే దాని ఖరీదు కూడా బిల్లులో వేస్తారు.

అభ్యాసం

1. 64 మెగాబిట్ల లైనులో 1,600 మెగాబైట్ల ఫైలు దిగడానికి ఎన్ని సెకన్లు పడుతుంది?
2. మీరు 9 నెలలే ఉంటారనుకుని పై (అ), (ఆ), (ఇ) లెక్కలు మళ్ళీ వేయండి. (అ)కు మిగిలిన నెలల చార్జీ నెలకు 20 పౌండ్లే అనుకోండి.
3. నలుగురు కలిసి ఉండే ఇంటికి సంతకాల కాగితం నమూనా ఒకటి రాయండి.

ట్రంకు పెట్టె, దుప్పటి పట్టుకుని హాస్టల్లో చేరినవాళ్ళము మనం. కాస్మెటిక్ చార్జీలలో రూపాయి కూడా లెక్క చూసుకుని ఖర్చుపెట్టినవాళ్ళము. ఆ అలవాటును విమానం ఎక్కేటప్పుడు ఇక్కడ వదిలిపెట్టి పోవద్దు. వెళ్ళబోయే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఈ పేజీని ఫోటో తీసి దగ్గర ఉంచుకోండి. ఇప్పటికే అక్కడ ఉన్న పూర్వ విద్యార్థులు తమ దేశపు నియమాలను వచ్చే సంచికకు రాసి పంపవలసిందిగా కోరుతున్నాము.