మొత్తం పాయింట్ల కన్నా ముందు చూడాల్సిన మూడు అంకెలు

కోయంబత్తూరు నుంచి మేట్టుపాళయం వెళ్లే దారిలో ఉంది కారమడై. రంగనాథస్వామి కోవెల, మాసి నెల తేరు, ఊరి చుట్టూ కరివేపాకు, అరటి, కొబ్బరి తోటలు. ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటూ బడిలో తమిళమో ఇంగ్లిషో చదువుకునే కుటుంబాలు ఈ ప్రాంతంలో తరతరాలుగా ఉన్నాయి. బ్రిటన్ చదువు వీళ్లకు కొత్త మాటేం కాదు. 1951లో మొదలైన పీఎస్‌జీ టెక్ కాలేజీకి తొలి ప్రిన్సిపాల్ జి.ఆర్. దామోదరన్ ఇంగ్లండులో ఇంజినీరింగ్ చదివి వచ్చినవారే. అంతకు ముందే చిత్తూరు వైపు నుంచి కట్టమంచి రామలింగారెడ్డి ప్రభుత్వ స్కాలర్‌షిప్పు మీద కేంబ్రిడ్జి సెయింట్ జాన్స్ కాలేజీలో చేరి, కేంబ్రిడ్జి యూనియన్ సొసైటీకి ఉపాధ్యక్షుడయ్యారు.

ఇప్పుడు ఆ దారి కొందరికి ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియెట్) డిప్లొమా మీదుగా పోతోంది. దేశంలో మొట్టమొదట ఐబీ తెచ్చుకున్న బడి మనకు దగ్గర్లోని కొడైకెనాల్ ఇంటర్నేషనల్ స్కూలే, 1976లో. కోయంబత్తూరు శివార్లలో సిరువాణి వైపున్న చిన్మయ ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ స్కూల్లోనూ ఈ డిప్లొమా ఉంది. ఇలాంటి బళ్లలో చేరిన పిల్లలకూ, చేర్చాలా వద్దా అని ఆలోచిస్తున్న అమ్మానైనలకూ పనికొస్తుందని ఇది రాస్తున్నాను. మన ఊళ్లలో డిప్లొమా అనగానే పాలిటెక్నిక్ మూడేళ్ల చదువు గుర్తొస్తుంది. ఇది ప్లస్ వన్, ప్లస్ టూకు బదులుగా చదివే రెండేళ్ల కోర్సు.

ఐబీలో ఆరు సబ్జెక్టులు. ఒక్కోదానికి 7 మార్కులు, అంటే 42. ఎక్స్‌టెండెడ్ ఎస్సే అనే నాలుగు వేల పదాల పరిశోధనా వ్యాసం, థియరీ ఆఫ్ నాలెడ్జ్ అనే కోర్సు, ఈ రెండూ కలిసి మరో 3 పాయింట్ల దాకా ఇస్తాయి. మొత్తం 45. డిప్లొమా రావాలంటే కనీసం 24 కావాలి. ప్రపంచమంతటా రాసేవాళ్ల సగటు దాదాపు 30 దగ్గర ఉంటుంది. ఆరింటిలో కనీసం మూడు సబ్జెక్టులు హయ్యర్ లెవెల్లో చదవాలి, ఒక్కోదానికి 240 గంటల బోధన. మిగతావి స్టాండర్డ్ లెవెల్, 150 గంటలు.

మన ఇళ్లలో అందరూ అడిగేది ఒకటే: ‘ఎన్ని పాయింట్లు రావాలి?’ యూనివర్సిటీలు చూసేది అదొక్కటే కాదు. వాళ్ల షరతు సాధారణంగా ఇలా ఉంటుంది: మొత్తం 39, హయ్యర్ లెవెల్ సబ్జెక్టులలో 7, 6, 6, అందులో గణితంలో తప్పకుండా 7. ఇంట్లో అందరి కళ్లూ 39 దగ్గర ఆగిపోతాయి. సీటు తేలేది ఆ తర్వాతి మూడు అంకెల దగ్గర.

ఇద్దరు పిల్లలను ఊహించుకోండి, ఇద్దరికీ 39 వచ్చిందనుకుందాం. ఒకరు హయ్యర్ లెవెల్లో గణితం 7, ఫిజిక్స్ 6, ఎకనామిక్స్ 6, స్టాండర్డ్ లెవెల్లో మూడు 6లు, ఎస్సే, థియరీ ఆఫ్ నాలెడ్జ్ నుంచి 2 తెచ్చుకున్నారు. రెండోవాళ్లు హయ్యర్ లెవెల్లో బిజినెస్ మేనేజ్‌మెంట్ 7, ఇంగ్లిష్ 6, బయాలజీ 6, స్టాండర్డ్ లెవెల్లో సులువు గణితం 7, మిగతా రెండింటిలో 6, 5, ఎస్సే, థియరీ ఆఫ్ నాలెడ్జ్ నుంచి 2. కాగితం మీద ఇద్దరూ సమానమే. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ఎకనామిక్స్ అడిగితే మొదటివారి దరఖాస్తును చదువుతారు. రెండోవారికి 45కి 45 వచ్చినా అక్కడ ఆ కోర్సు దొరకదు, హయ్యర్ లెవెల్ గణితం లేదు గనక.

అందుకే నా అభిప్రాయం గట్టిగా చెబుతాను. బ్రిటన్ సీటు తేలేది ఫలితాలొచ్చే జులైలో కాదు, ప్లస్ వన్ వయసులో సబ్జెక్టులు ఎంచుకునే మొదటి నెలలోనే చాలావరకు తేలిపోతుంది. ఆ నెలలో బడి సలహాదారు, ట్యూషన్ మాస్టరు, చుట్టాల పిల్లలు అందరూ సులువు సబ్జెక్టు తీసుకుని 7 కొట్టమంటారు. మొత్తం పెరిగే మాట నిజమే. దాంతోపాటు మూసుకుపోయే తలుపుల సంగతి ఎవరూ చెప్పరు.

గణితం విషయంలో ఇది మరీ ముఖ్యం. 2019 నుంచి ఐబీలో గణితం రెండు తోవలైంది. ఒకటి అనాలిసిస్ అండ్ అప్రోచెస్, రెండోది అప్లికేషన్స్ అండ్ ఇంటర్‌ప్రెటేషన్. ఇంజినీరింగ్, కంప్యూటర్ సైన్స్, గణితం, ఎకనామిక్స్, ఫిజిక్స్ వైపు పోవాలనే ఆలోచన కొంచెమున్నా మొదటిదాన్ని హయ్యర్ లెవెల్లో తీసుకోండి. రెండోదాన్ని హయ్యర్ లెవెల్లో ఒప్పుకునే కోర్సులు కొన్ని ఉన్నాయి, ఒప్పుకోనివీ ఉన్నాయి. మొదటిది అందరూ ఒప్పుకుంటారు. కోయంబత్తూరు పంపులు, మోటార్లు, మిల్లుల ఊరు. ఇక్కడి ఇళ్లలో సగం మంది పిల్లల కల ఇంజినీరింగే. వాళ్లకు గణితం, ఫిజిక్స్ రెండూ హయ్యర్ లెవెల్లో ఉండాల్సిందే. మెడిసిన్ అయితే కెమిస్ట్రీ, చాలాచోట్ల దానితోపాటు బయాలజీ.

ఇక అంకెలు. కేంబ్రిడ్జి మామూలుగా 40 నుంచి 42 అడుగుతుంది, హయ్యర్ లెవెల్లో 7, 7, 6. ఆక్స్‌ఫర్డ్ కోర్సును బట్టి 38 నుంచి 40. అక్కడ లా చదవాలంటే 38తో హయ్యర్ లెవెల్లో మూడు 6లు. ఇంజినీరింగ్‌కు 40తో 7, 7, 6, ఆ రెండు 7లూ గణితం, ఫిజిక్సులో. ఇంపీరియల్ కాలేజీ పోటీ కోర్సులూ ఇదే ఎత్తులో ఉంటాయి.

బ్రిటన్ పిల్లలు రాసే ‘ఏ లెవెల్’ (A Level) పరీక్షతో ఐబీని ఒక్కో యూనివర్సిటీ ఒక్కో రకంగా సరిపోలుస్తుంది. ‘ఏ లెవెల్’లో మూడు ‘ఏ’ గ్రేడులు అడిగే కోర్సుకు యూనివర్సిటీ కాలేజ్ లండన్ ఐబీలో 38 అడుగుతుంది. అదే మూడు ‘ఏ’ గ్రేడుల కోర్సుకు మాంచెస్టర్ 36తో సరిపెట్టుకుంటుంది, హయ్యర్ లెవెల్లో మూడు 6లు ఉంటే చాలు. 36 దగ్గర ఉన్న విద్యార్థికి ఈ రెండు పాయింట్లే దారి చూపిస్తాయి. పేరు మోసిన యూనివర్సిటీల జాబితా పట్టుకుని కూర్చోకుండా, కోర్సు పేజీలో ఐబీ వరుస తెరిచి చదవమనేది ఇందుకే. ఒకే యూనివర్సిటీలోనూ హిస్టరీకి, ఎకనామిక్సుకు షరతు వేరు.

దరఖాస్తు చేసేటప్పటికి అసలు మార్కులు రావు. రెండో ఏడాది మొదట్లో టీచర్లు ఇచ్చే అంచనా మార్కులే వెళతాయి. వాటికి ఆధారం మొదటి ఏడాది చివరి పరీక్షలు. కాబట్టి ‘ఇంకో ఏడాది ఉందిగా’ అన్న నింపాదితనం ఐబీలో పనికిరాదు. అంచనా కాస్త పెంచమని టీచర్లను బతిమాలడం మన దగ్గర ఉన్నదే. దానివల్ల లాభం తక్కువ. 41 అని పంపి, ఆ షరతుతో సీటు తెచ్చుకుని, జులైలో 37 వస్తే ఆ సీటు నిలబడడం కష్టం. ఆఫర్లు వచ్చాక మొదటి ఎంపికగా ఒకటి, రక్షణగా మరొకటి పెట్టుకోవచ్చు. ఆ రక్షణ సీటు మొదటిదానికన్నా రెండు మూడు పాయింట్లు తక్కువ అడిగేదై ఉండాలి. రెండూ 39 అడిగేవే పెట్టుకుంటే రక్షణ ఏముంది?

దరఖాస్తు యూకాస్ అనే ఒకే చోట నుంచి, ఐదు కోర్సులకు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలలో ఒకదానికే అవకాశం. ఆ రెండింటికీ, మెడిసిన్ కోర్సులకూ గడువు అక్టోబర్ 15, బ్రిటన్ సాయంత్రం 6 గంటలు, మనకు రాత్రి పదిన్నర. మిగతావాటికి జనవరి మధ్యలో. 2026 ప్రవేశాలకు అది జనవరి 14, సంక్రాంతి పండగ రోజుల్లోనే. పొంగల్ సెలవుల్లో బడి ఆఫీసు మూసి ఉంటే సిఫార్సు లేఖ వేసేవాళ్లు దొరకరు, అందుకని డిసెంబరు లోపే పని ముగించుకోండి. 2026 ప్రవేశాల నుంచి పర్సనల్ స్టేట్‌మెంట్ కూడా మారింది. ఒకే పెద్ద వ్యాసానికి బదులు మూడు ప్రశ్నలకు జవాబులు, మొత్తం 4000 అక్షరాల లోపు. ఈ కోర్సే ఎందుకు, చదివిన చదువు దానికి ఎలా సిద్ధం చేసింది, బడి బయట ఏం చేశారు అన్నవే ఆ ప్రశ్నలు.

కొన్ని కోర్సులకు విడిగా ప్రవేశ పరీక్ష ఉంటుంది. కేంబ్రిడ్జి, ఇంపీరియల్ ఇంజినీరింగ్‌కు ఈశాట్, కొన్నిచోట్ల లాకు ఎల్‌నాట్, మెడిసిన్‌కు యూక్యాట్. ఎండాకాలం సెలవుల్లోనే వీటికి తయారీ మొదలు కావాలి. 42 అంచనా ఉన్నా ఈ పరీక్ష చెడితే ఇంటర్వ్యూ దాకా పోలేరు.

ఇక ఎస్సే, థియరీ ఆఫ్ నాలెడ్జ్ కలిసి ఇచ్చే ఆ 3 పాయింట్లు. 36 దగ్గర ఆగిపోయేవాళ్లను 38కి, 39కి తీసుకెళ్లేవి అవే. చాలామంది ఎక్స్‌టెండెడ్ ఎస్సేకు ఇంటర్నెట్‌లో దొరికే పాత అంశం ఎత్తుకుని, ఊపిరి లేని వ్యాసం రాసి ఒక్క పాయింటుతో సరిపెట్టుకుంటారు. కారమడై పిల్లలకు ఇంటి గడపలోనే అంశాలున్నాయి. కరివేపాకు ఆకుల మీద పురుగుమందు అవశేషాలు కడిగితే ఎంత తగ్గుతాయో కెమిస్ట్రీ వ్యాసం కావచ్చు. సందు చివరి వర్క్‌షాపులో మోటారు పంపు సామర్థ్యం కొలిస్తే ఫిజిక్స్. భవానీ నది నీటి నాణ్యత అయితే పర్యావరణ శాస్త్రం. వీటి గురించి పర్సనల్ స్టేట్‌మెంట్‌లో రెండు వాక్యాలు రాస్తే చదివే ప్రొఫెసరు ఆగి చూస్తాడు, ఎందుకంటే అది మరొకరు రాయలేనిది. థియరీ ఆఫ్ నాలెడ్జ్‌లో గానీ ఎస్సేలో గానీ ‘ఈ’ (E) గ్రేడు వస్తే డిప్లొమాయే రాదు. ఇదీ గుర్తుంచుకోవాలి.

తెలుగు గురించి ఒక మాట. ఐబీలో మాతృభాషా సాహిత్యాన్ని బడిలో టీచరు లేకున్నా స్వయంగా చదువుకుని స్టాండర్డ్ లెవెల్లో రాసే దారి ఉంది. బామ్మతో తెలుగు మాట్లాడుతూ, అక్షరాలు మాత్రం రాని పిల్లలు కారమడైలో ఎందరో. లిపి బాగా వచ్చిన పిల్లలైతే, మీ సెషన్లో తెలుగుకు ఆ అవకాశం ఉందేమో చేరిన మొదటి నెలలోనే ఐబీ కోఆర్డినేటర్‌ను అడగండి. లిపి రానివాళ్లు దీనికోసం మార్కులు పణంగా పెట్టొద్దు, తెలుగు సెలవుల్లో నేర్చుకోండి.

బ్రిటన్ కోసమే ఐబీకి మారాలా? అవసరం లేదు. సీబీఎస్‌ఈ ప్లస్ టూ మార్కులతో బ్రిటన్‌లోని మంచి యూనివర్సిటీలు చాలావరకు నేరుగా దరఖాస్తు తీసుకుంటాయి. కేంబ్రిడ్జి కూడా సీబీఎస్‌ఈ వాళ్ల నుంచి సంబంధిత సబ్జెక్టులు ఐదింటిలో ఏ1 అడుగుతుంది. స్టేట్ బోర్డు మార్కులు సరిపోని చోట ఒక ఏడాది ఫౌండేషన్ కోర్సు ఉంది. ప్లస్ టూ ఇంగ్లిషులో మంచి మార్కులుంటే ఐఈఎల్‌టీఎస్ అడగని యూనివర్సిటీలూ ఎన్నో. ఐబీ ఫీజు కోసం తోట తాకట్టు పెట్టే ముందు ఈ లెక్క వేసుకోండి. ఎందుకంటే అసలు ఖర్చు ఆ తర్వాతే మొదలవుతుంది. విదేశీ విద్యార్థుల ట్యూషన్ ఫీజు కోర్సును బట్టి ఏడాదికి ఇరవై వేల పౌండ్ల పైనుంచి నలభై వేలు దాటే దాకా ఉంటుంది, ఆరోగ్య సర్‌ఛార్జి ఏడాదికి 776 పౌండ్లు, జీవన ఖర్చులు వేరే. వీసాకు చూపించాల్సిన డబ్బు వరుసగా 28 రోజులు ఖాతాలో కదలకుండా ఉండాలి. తోట అమ్మిన డబ్బు చివరి వారం ఖాతాలో పడితే పని జరగదు.

మే సెషన్ ఫలితాలు జులై మొదటి వారంలో వస్తాయి. ఒక్క పాయింటు తగ్గితే ఏడుస్తూ కూర్చోవద్దు. ఆ రోజే యూనివర్సిటీ అడ్మిషన్ల ఆఫీసుకు మర్యాదగా మెయిల్ రాయండి, హయ్యర్ లెవెల్ అంకెలు నిలబడితే కొన్నిసార్లు తీసుకుంటారు. ఏ పేపరైనా సరిహద్దు దగ్గర ఉంటే బడి ద్వారా తిరిగి దిద్దించమని అడగవచ్చు. మార్కు పెరగవచ్చు, తగ్గనూ వచ్చు, ఆలోచించి అడగండి. మిగిలిన సీట్ల కోసం యూకాస్ క్లియరింగ్ కూడా ఆ రోజులకే తెరుచుకుంటుంది.