పులస ఏ ఏటి చేప?

గోదావరికి వరద వచ్చి నీరు ఎర్రబడే రోజులు మీకు తెలుసు. జూలై నుంచి సెప్టెంబరు దాకా ఆ ఎర్రనీటికి ఎదురీదుతూ ఒక చేప సముద్రంలోంచి నదిలోకి వస్తుంది. సముద్రంలో ఉన్నంతకాలం అది విలస. గోదావరి నీరు తాగితే పులస. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత వినని వారు మన కోస్తా జిల్లాల్లో ఉండరు. యానాం, రావులపాలెం ప్రాంతాల్లో దాని ధర విన్నవారికి ఆ సామెతలో అతిశయోక్తి ఏమంత కనిపించదు.

ఈ చేపకు శాస్త్రీయనామం టెన్యులోసా ఇలిషా. బెంగాలీలు దీన్ని ఇలిష్ అంటారు. ఆ పేరే శాస్త్రంలో నిలిచింది. నిజానికి మన పేరు నిలవవలసింది! ఈస్టిండియా కంపెనీలో పనిచేసిన పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖపట్నంలో సేకరించిన రెండువందల చేపల బొమ్మలను, వర్ణనలను 1803లో లండన్‌లో అచ్చు వేయించాడు. రక్తపింజరకు ఇంగ్లీషులో ఈయన పేరే ఉన్నది. ఆయన మన బెస్తవారిని అడిగి చేపల తెలుగు పేర్లనే రాసుకున్నాడు. అందులో 'పలస' ఉన్నది. అయితే రెండు మాటల లాటిన్ పేరు ఆయన పెట్టలేదు. 1822లో హామిల్టన్ గంగానది చేపల గురించి రాస్తూ దీనికి 'ఇలిషా' అని పెట్టాడు. 1829లో కువియర్ రస్సెల్ పుస్తకాన్ని చూసి 'పలస' అన్న పేరు పెట్టేసరికి ఆలస్యమైపోయింది. ముందు పెట్టిన పేరే చెల్లుతుందని శాస్త్రంలో నియమం.

పేరు సంగతి అలా ఉంచి, ఈ చేప చేసే పని చూడండి. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. చేప ఒంట్లో అంత ఉప్పు లేదు. కనుక ఒంట్లోని నీరు బయటకు పోతూ ఉంటుంది. ఆ లోటు తీర్చుకోవటానికి చేప సముద్రపు నీరు తాగి, అదనపు ఉప్పును మొప్పల గుండా బయటకు తోసేస్తుంది. నదిలోకి వచ్చేసరికి అంతా తలకిందులు. బయటి నీరు ఒంట్లోకి చొరబడుతుంది, ఒంట్లోని ఉప్పు జారిపోతుంది. ఇప్పుడు మొప్పలు నీటిలోని ఆ కొద్దిపాటి ఉప్పును లోపలికి లాగాలి, మూత్రపిండాలు నీటిని తోడిపోయాలి. మనం గోదావరి నీరు తాగిన చేప అంటాం గాని, అది నీరు తాగేది సముద్రంలోనే. నదిలో తాగవలసిన అవసరమే దానికి లేదు!

ఈ మార్పును నడిపే ఆజ్ఞలు ఎక్కడున్నవి? ప్రతి జీవకణంలోనూ ఉండే డి.ఎన్.ఏ.లో. అది నాలుగే అక్షరాలతో రాసిన పొడవాటి రాత. ఆ రాత మొత్తాన్నీ జీనోమ్ అంటారు. పులస జీనోమ్‌లో సుమారు 76 కోట్ల అక్షరాలున్నవి. మనిషిలో 300 కోట్లు. లక్నోలో జాతీయ మత్స్య జన్యువనరుల సంస్థ ఉన్నది. 1983లో ఏర్పడింది. అక్కడి శాస్త్రజ్ఞులు ఈ జీనోమ్‌ను చదివి 2019లో ప్రకటించారు. బంగ్లాదేశ్ శాస్త్రజ్ఞులు కూడా 2018లోనే తామూ చదివామని తెలిపారు.

ఎలా చదువుతారు? మొదటినుంచి చివరిదాకా ఒక్క బిగిని చదవగల యంత్రం లేదు. డి.ఎన్.ఏ.ను ముక్కలు చేసి, ముక్కలను చదివి, ఒకదాని చివర మరొకదాని మొదటితో కలిసేచోట అతికించాలి. మీరూ చేసి చూడవచ్చు. ఈ వాక్యం తీసుకోండి: 'గోపాలపట్నంలో బస్సు ఎక్కి కాకినాడలో దిగి మళ్ళీ బస్సు ఎక్కి యానాం చేరాను.' దీన్ని అయిదారు కాగితాలమీద రాసి, ఒక్కొక్క కాగితాన్నీ ఒక్కొక్క చోట రెండు మూడు మాటల ముక్కలుగా చింపి, అన్నీ కలిపేసి మీ స్నేహితుడికివ్వండి. 'గోపాలపట్నంలో బస్సు ఎక్కి' అన్న ముక్క, 'బస్సు ఎక్కి యానాం' అన్న ముక్క దొరికితే అతను వాటిని అతికించేస్తాడు. కాకినాడ ఎగిరిపోతుంది! 'బస్సు ఎక్కి' అన్నది రెండుసార్లు రావటమే దీనికి కారణం. డి.ఎన్.ఏ.లో ఇలా మళ్ళీ మళ్ళీ వచ్చే భాగాలు కొల్లలు. అందుకే ఈ మధ్యకాలంలో వేలకొద్దీ అక్షరాలున్న పొడవాటి ముక్కలను ఒకేసారి చదివే యంత్రాలు వాడుతున్నారు. ముక్క పొడవైతే కాకినాడ దానిలోనే ఉంటుంది గదా!

ఇంత శ్రమ దేనికి? పులసకు దారి మూసుకుపోతున్నది కనుక. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852లో ఆనకట్ట ముగించాడు. డెల్టా అన్నపూర్ణ అయింది, కాని ఎదురీదే చేపకు అది గోడ. 1873లోనే ఫ్రాన్సిస్ డే అనే వైద్యుడు నదులమీది ఆనకట్టలు ఇటువంటి చేపలకు చేసే హాని గురించి ప్రభుత్వానికి నివేదిక రాశాడు. గంగలోనూ ఇదే కథ. ఒకప్పుడు అలహాబాదు దాకా ఈదిపోయిన ఇలిష్ 1975లో ఫరక్కా బారేజి పనిచేయటం మొదలయ్యాక ఎగువన దాదాపు కనిపించటం మానేసింది. దీనికి తోడు వలలు. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో మరపడవల వేట నిషేధం. పులస నది ముఖానికి వచ్చేది ఆ తరువాత. పైగా గుడ్లతో నిండిన ఆడచేపకే గిరాకీ ఎక్కువ. పెద్ద ఆడచేప లక్షల గుడ్లు పెడుతుంది. అది పులుసులో పడితే ఆ లక్షలూ పులుసులో పడినట్టే.

పిల్లచేపలను తెచ్చి నదిలో వదిలితే సరిపోదా అని మీరడగవచ్చు. ఎక్కడి పిల్లలను? హుగ్లీ నదివా? హుగ్లీ చేప, గోదావరి చేప ఒకే గుంపువా, లేక తరతరాలుగా ఎవరి నదికి వారు తిరిగివస్తూ వేరుపడిపోయినవా? చూపులకు రెండూ ఒక్కటే. ఒక్కొక్క నదిలో పదులకొద్దీ చేపల రెక్కల కొసలు కత్తిరించి తెచ్చి, వాటి రాతలను జీనోమ్ పక్కన పెట్టి చూస్తే ఎక్కడెక్కడ అక్షరాలు మారినవో తెలుస్తుంది. గోదావరి చేపలన్నిటిలో ఒక రకం మార్పులు, హుగ్లీవాటిలో మరో రకం మార్పులు కనిపిస్తే అవి వేరు గుంపులు. అప్పుడు మన గుంపు పోతే అక్కడినుంచి తెచ్చి పూడ్చలేం. అంతటా మార్పులు కలగాపులగంగా ఉంటే అది ఒకే గుంపు. దాన్ని కాపాడటం ఒక్క మన రాష్ట్రం పని కాదు. బంగ్లాదేశ్ దాకా అందరూ కలవాలి. ఇంకొకటి, ఒక నది చేపల రాతలు మరీ ఒకేలా ఉంటే అక్కడ తల్లిచేపలు తక్కువైనవని అనుమానించాలి. కొద్ది తల్లుల సంతానమే మిగిలితే ఒక్క జబ్బుకు అందరూ లొంగిపోవచ్చు.

జీనోమ్ చదివినంత మాత్రాన ఆనకట్ట గేట్లు తెరుచుకోవు. బంగ్లాదేశ్‌లో ఇలిష్ పట్టుబడి 2002 ప్రాంతంలో ఏటా సుమారు 2 లక్షల టన్నులుండగా 2018 నాటికి 5 లక్షలు దాటింది. దానికి ముఖ్యకారణం యంత్రాలు కాదు. గుడ్లు పెట్టే కాలంలో వేట ఆపి, పిల్లచేపలను పట్టకుండా కాపాడి, ఆ రోజుల్లో బెస్తకుటుంబాలకు బియ్యం ఇవ్వటం. అయితే ఏ గుంపు ఏ నెలలో ఏ నదికి పోతుందో తెలిస్తేనే ఏ రోజుల్లో వేట ఆపాలో సరిగ్గా నిర్ణయించగలం. నది నీటిని వడగట్టి అందులో రాలిన డి.ఎన్.ఏ.ను వెతికి, చేపను పట్టకుండానే అది అక్కడికి చేరిందో లేదో తెలుసుకునే పద్ధతి కూడా వచ్చింది.

బజారులో మరో పేచీ. సముద్రపు విలసను పులస అని అమ్మితే డి.ఎన్.ఏ. పరీక్ష పట్టిస్తుందా? వేరే జాతి చేప అయితే పట్టిస్తుంది. విలస అయితే పట్టించదు. ఎందుకంటే నదిలోకి వచ్చినంత మాత్రాన రాత మారదు. ఆ రాతలో ఏ ఆజ్ఞలు అమలవుతున్నవన్నదే మారుతుంది. దానికి సాక్ష్యం చేప తలలో ఉన్నది. లోచెవిలో చిన్న తెల్లని రాళ్ళుంటాయి. చేప పెరిగినకొద్దీ వాటిమీద పొరలు చేరతాయి. సముద్రంలో చేరిన పొరలో స్ట్రాన్షియం అనే మూలకం ఎక్కువ, నదిలో చేరిన పొరలో తక్కువ. పొరలను వరసగా పరీక్షిస్తే ఆ చేప ఎప్పుడెప్పుడు ఏ నీటిలో ఉన్నదో చెప్పవచ్చు. ఈసారి మీ ఇంట్లో ఏదైనా సముద్రపు చేప తల వండినప్పుడు, కళ్ళకు వెనుకగా, మెదడు కింద జాగ్రత్తగా వెతకండి. రెండు రాళ్ళు దొరికితే కడిగి ఆరబెట్టి, భూతద్దంతో పొరలు లెక్కపెట్టి చూడండి.