నిలిచిపోయిన బుల్లెట్టు

మా వేములఘాటు గ్రామము మల్లన్నసాగరు జలాశయమున మునిగినది. 2021లో ఊరు విడిచి గజ్వేలు చెంతనున్న పునరావాస కాలనీకి వచ్చునపుడు, తాతగారు దూరప్రయాణములు చేసిన పాత బుల్లెట్టునుగూడ తెచ్చుకొంటిమి. చాలకాలము నిలిచియుండుటచే అది యెన్ని కిక్కులు కొట్టినను పలుకలేదు. పాత ఇనుము క్రింద అమ్మివేయుదమని ఇంటిలో కొందఱనిరి. పరీక్షింపక అమ్మరాదని మేము తలంచితిమి.

విద్యార్థులారా! ఇంజను నడచుటకు మూడు కావలెను: గాలితో కలిసిన పెట్రోలు, దానిని అదిమెడు ఒత్తిడి, సకాలమున నిప్పురవ్వ. వీనిలో ఏది లోపించెనో తెలియకముందు పానా పట్టి ఇంజను విప్పరాదు.

మొదట పాత పెట్రోలు తీసి క్రొత్తది పోసితిమి. కిక్కు కాలికి గట్టిగా ఎదురు నిలుచుటచే ఒత్తిడి కలదని తెలిసెను. ప్లగ్గు విప్పి చూడగా తడిగా నుండెను. అనగా పెట్రోలు లోనికి చేరుచున్నది. ప్లగ్గును తీగెకు తగిలించి, పెట్రోలుకును ప్లగ్గు రంధ్రమునకును దూరముగా ఇంజను లోహమునకు ఆనించి కిక్కు కొట్టగా రవ్వ రాలేదు. బ్యాటరీకి ఛార్జి పెట్టించి, క్రొత్త ప్లగ్గుతో చూచినను అంతియే.

అంతట పాయింట్ల మూత తీసితిమి. వాని మొగములపై బూడిద వన్నె పొర పట్టియుండెను. ఆ పొర విద్యుత్తును అడ్డగించుటచే కాయిలు రవ్వను పుట్టింపజాలకుండెను. సన్నని గరుకు కాగితముతో రుద్ది, గుడ్డతో తుడిచి, పాయింట్లు పూర్తిగా తెఱచుకొన్నపుడు వాని నడుమ సందు 0.35 మొదలు 0.40 మిల్లీమీటర్ల వఱకు ఉండునట్లు ఫీలరు గేజితో సరిచేసితిమి.

మూడవ కిక్కునకు బండి పలికెను. అరుగుమీది తాతగారు ఆ చప్పుడు విని, మాటాడక లేచి వచ్చి హ్యాండిలుపై చేయి వేసిరి. ఊరు తిరిగి రాదు. ఊరినుండి తెచ్చుకొన్నదానిని కాపాడుకొనుట మాత్రము మన చేతనున్నది.