రంగులు పలుకు భావములు

కర్నూలు, కడప సీమలలోని పల్లెలలో పండుగ సమీపించినపుడు గోడలకు సున్నము కొట్టి, అడుగుభాగమున ఎర్రమన్నుతో పట్టె దీర్చుట కలదు. ఆ పట్టెలో చెట్టు లేదు, చిలుక లేదు, మనుష్యరూపము లేదు. తెల్లని గోడ, దాని క్రింద ఎర్రని చార, అంతియే. అయినను దానిని చూడగానే "పండుగ వచ్చినది" అను ఉల్లాసము మన మనస్సులో కలుగును. రూపమేమియు లేని రంగు ఈ భావము నెట్లు కలిగించినది? ఈ ప్రశ్నను విచారించినచో నైరూప్య చిత్రకళ యన నేమో మనకు కొంత బోధపడును.

ఇనుము కలిసియుండుటచే ఎర్రబడిన ఈ మన్నును మానవుడు చరిత్రకు పూర్వమే ఎరుగును. కర్నూలు జిల్లాలోని కేతవరమునను, కడప జిల్లాలోని చింతకుంటయందును రాతిచరియల క్రింద ఆదిమానవులు ఎర్రరంగుతో వ్రాసిన బొమ్మలు కలవు. అవి జంతువుల యొక్కయు, మనుష్యుల యొక్కయు ఆకారములు. అచ్చట రంగు రూపమునకు సేవ చేసినది. రంగే స్వతంత్రముగా మాటలాడుట యను భావము ఇరువదవ శతాబ్దపు ప్రారంభమున చిత్రకళలో బలపడినది.

అందులకు కారకులైనవారిలో రష్యా దేశీయుడగు వాసిలీ కాండిన్‌స్కీ (1866-1944) ముఖ్యుడు. ఆయన జర్మనీలోని మ్యూనిక్ నగరమున నివసించు దినములలో, ఒకనాటి సంధ్యవేళ తన చిత్రశాలలో అడుగిడి, గోడకు ఆనించియున్న యొక చిత్రమును చూచి నిశ్చేష్టుడయ్యెను. అందు ఏ వస్తువును గుర్తింప వీలుకాలేదు. రంగులు మాత్రము అద్భుతముగా వెలుగుచుండెను. దగ్గరకు పోయి చూడగా అది తాను వ్రాసిన చిత్రమే! ప్రక్కకు త్రిప్పి పెట్టబడియుండెను. మరునాడు పగటివేళ దానిని మరల చూచెను గాని, అందలి వస్తువులు గుర్తునకు వచ్చుచుండుటచే ఆ యనుభూతి పూర్తిగా కలుగలేదు. తన చిత్రములకు వస్తువులే ఆటంకమని ఆయనకు తోచెను. 1911 చివర వెలువడిన తన గ్రంథమున ఆయన పసుపును బూరధ్వనితో పోల్చెను. నలుపును ఆశలేని నిశ్శబ్దమనెను.

మన దేశమున భరతముని నాట్యశాస్త్రమున రసములకు వర్ణములు ఎన్నడో నిర్ణయించెను. హాస్యమునకు తెలుపు, రౌద్రమునకు ఎరుపు, కరుణమునకు పావురపు రంగు, అద్భుతమునకు పసుపు, భయానకమునకు నలుపు.

ఇట్లు దేశకాలములు వేరైన యిరువురికిని నలుపు సంతోషమునకు గుర్తుగా తోపలేదు. అయితే మన సీమలోని రైతు నడిగి చూడుడు! ఇచ్చటి సగటు వర్షపాతము సంవత్సరమునకు సుమారు 700 మిల్లీమీటర్లు మాత్రమే. 1876-78 సంవత్సరముల మహాక్షామమున ఈ జిల్లాలలో అసంఖ్యాకులు అసువులు బాసిరి. అట్టి నేలపై బ్రతుకువాడు ఆకాశమున తెల్లమబ్బును చూచి నిట్టూర్చును. కారుమబ్బును చూచినచో గాదెలో గింజలు చూచినట్లే పొంగిపోవును. అతని నల్లరేగడి చేను కూడ నలుపే. పండితులకు భయమును, నిశ్శబ్దమును తోపించిన రంగు ఇతనికి అన్నము.

కాబట్టి రంగునకు శక్తి కలదు. కాని దాని యర్థమును నింపునది చూచువాని జీవితము. రంగు పిలుచును, మన యనుభవము పలుకును.

అట్లని రంగును ఇచ్చవచ్చినట్లు పులిమినచో చిత్రము కాదు. గోడ యంతయు ఎర్రమన్నే పూసినచో పండుగ కళ యుండునా? ఏ రంగు ప్రక్కన ఏ రంగు, ఎంత మేరకు ఉండవలెనో చిత్రకారుడు తూచి నిర్ణయించును. 1936లో గుడివాడలో జన్మించి, 1962లో లండనుకు వెళ్లి, పిమ్మట అమెరికాలో స్థిరపడిన ఎస్. వి. రామారావుగారు ఇట్టి నైరూప్య చిత్రములతోనే ఖ్యాతి గాంచిరి.

ఇక ముందు అట్టి చిత్రము మీకు కనబడినపుడు "ఇది యేమి బొమ్మ?" అని వెంటనే అడుగకుడు. కొంతసేపు మౌనముగా నిలిచి, "నా మనస్సులో ఏమి మేలుకొన్నది?" అని విచారింపుడు. పైన నలుపు, క్రింద సన్నని ఎరుపు గల చిత్రమును చూచి యొకరు చీకటి యని భయపడవచ్చును. మన సీమ బాలుడు ఎర్రనేలపై క్రమ్మిన వానమబ్బని సంతోషింపవచ్చును. ఇరువురును చూచినది ఆ చిత్రమునే.