రెండవ స్థానమందు పనిచేసిన శిక్షకుడు



ఈ మాసపు పాఠమునకు మనము అమెరికా దేశపు ఆటస్థలమునకు పోవలసియున్నది. సంఘ పత్రికలో ఆటల గొడవ ఎందుకని పెద్దలు కొందరు అడుగవచ్చును. ఒకని చేతిక్రింద పనిచేయువాడు తన బుద్ధితో కట్టిన దానిని మరియొకని పేరట నిలువబెట్టుట ఎట్టిదో తెలిసికొనుటకు ఎమొరీ బెలార్డుగారి చరిత్ర తగినదని మాకు తోచినది. ఓపికతో చదువుడి.

మొదట ఆ ఆటను గూర్చి రెండు మాటలు. అమెరికావారు ఫుట్‌బాల్ అనునది మన పిల్లలు కాలితో తన్ను ఆట కాదు. వారి బంతి రెండు కొనలు సూదిగానుండి, ఒలువని కొబ్బరికాయను తలపించును. దానిని చంకనుంచుకొని పరుగెత్తుదురు, చేతితో విసరుదురు. ప్రక్కకు 11 మంది. మైదానము 100 గజములు. బంతి దొరికిన పక్షమునకు నాలుగు తడవలు అవకాశము ఇత్తురు. ఆ నాలుగింటిలో 10 గజములు సాగినయెడల మరల నాలుగు. సాగనియెడల బంతి ఎదుటివారి పాలగును. ఆ దేశపు కాలేజీలలో ఈ ఆటకున్న వెఱ్ఱి అంతింత కాదు.

జట్టుకంతటికి పెద్ద హెడ్ కోచ్. ఆయన క్రింద, బంతి తమ చేతిలోనున్నప్పుడు ఎవడు ఎక్కడ నిలువవలెను, ఎవడు ఎవనిని అడ్డగింపవలెను, ఏ తడవ పరుగు, ఏ తడవ విసరుట అని వారమంతయు కూర్చుండి ఏర్పాటుచేయువానిని అఫెన్సివ్ కోఆర్డినేటర్ అందురు. గెలిచిన దినమున పత్రికలలో పడునది పెద్దవాని బొమ్మ. రెండవ సమూయేలు 12వ అధ్యాయములో యోవాబు రబ్బా పట్టణముతో యుద్ధముచేసి, పని ముగియబోవు సమయమున దావీదును పిలిపించిన సంగతి మీకు తెలిసినదే. యోవాబు హృదయము సంగతి వేరు గాని, పోరాడినవాడొకడు, పేరు పొందినవాడు వేరొకడు అగుట ఆ కాలమునుండియు ఉన్నదే.

బెలార్డుగారు 1927వ సంవత్సరము డిసెంబరు 17వ తేదీన టెక్సాసు రాష్ట్రములోని లూలింగు అను ఊరిలో జన్మించెను. యౌవనమున టెక్సాసు యూనివర్సిటీలో ఆటగాడుగా చేరెను. అప్పటి ప్రధాన శిక్షకుని ఇంటిపేరు బైబిల్! మేము హాస్యమాడుట లేదు. డేనా బైబిల్ అనునది ఆయన నిజమైన పేరే. అయితే కాలు విరుగుటచేత బెలార్డుగారి ఆట అక్కడ సాగలేదు. ఆయన సౌత్‌వెస్ట్ టెక్సాసు కాలేజీకి పోయి చదువు ముగించుకొని, హైస్కూలు పిల్లలకు ఆట నేర్పు పనిలో ప్రవేశించెను. ఇంగిల్‌సైడ్, బ్రెకెన్‌రిడ్జ్, శాన్ ఏంజెలో అను ఊళ్లలో ఏండ్ల తరబడి ఆ పనియే చేసెను. బ్రెకెన్‌రిడ్జ్ పిల్లలు 1958లో రాష్ట్రమంతటిలో ప్రథములైరి. శాన్ ఏంజెలో పిల్లలు 1966లో అట్లే ప్రథములైరి. టెక్సాసు యూనివర్సిటీ ఆయనను 1967లో పిలుచునప్పటికి ఆయనకు ముప్పదితొమ్మిది యేండ్లు. హైస్కూలులో తానే పెద్దగా నుండినవాడు ఇక్కడ పదిమందిలో ఒక సహాయకుడయ్యెను.

టెక్సాసు ప్రధాన శిక్షకుడు డారెల్ రాయల్‌గారు. 1963లో ఆయన జట్టు దేశమంతటికి ప్రథమముగా నిలిచెను గాని, 1965, 1966, 1967 మూడేండ్లును ఏటికి నాలుగేసి ఆటలు ఓడెను. అంతట రాయల్‌గారు 1968లో బంతి నడిపించు ఏర్పాటును బెలార్డుగారి కప్పగించెను. ఆయన కల్పించినది ఇది.

బంతి మొదట అందుకొనువాడు క్వార్టర్‌బ్యాక్. అతని వెనుక దగ్గరగా ఫుల్‌బ్యాక్. అతనికి వెనుక కుడి యెడమల ఇద్దరు హాఫ్‌బ్యాకులు. మీదనుండి చూచిన పంగలకర్రవలె నుండును. హ్యూస్టన్ పత్రికలో వ్రాయు మిక్కీ హెర్స్కోవిట్జ్ అనునతడు దీనిని కోడి రొమ్ములోని చీలిక యెముకతో పోల్చెను గనుక విష్‌బోన్ అను పేరు నిలిచిపోయెను.

దీనిలోని కిటుకు యేమనగా, ఎదుటి వరుస చివరనున్న ఒకనిని ఎవ్వరును అడ్డగింపరు. కావలెననియే విడిచిపెట్టుదురు. క్వార్టర్‌బ్యాక్ బంతిని ఫుల్‌బ్యాక్ పొట్టకు ఆనించి, ఆ విడువబడినవానివైపు చూచును. వాడు ఫుల్‌బ్యాక్ మీదికి ఉరికినయెడల బంతిని లాగుకొని తానే ప్రక్కకు పరుగెత్తును. ఉరుకనియెడల ఫుల్‌బ్యాక్‌కే విడిచిపెట్టును. పరుగెత్తునప్పుడు ఇంకొకడు ఎదురగును. వానినిగూడ ఎవ్వరును ముట్టరు. వాడు తనమీదికి వచ్చెనా, ప్రక్కన పరుగెత్తు హాఫ్‌బ్యాక్‌కు బంతి విసరును. రాలేదా, తానే సాగిపోవును. చెడుగుడులో కూతకు పోయినవాడు ఎదుటివాని కాలు ఎటు కదలునో చూచి మలుపు తిరుగును గదా, అట్టిదే. శత్రువులిద్దరిని ముట్టకుండ విడుచుటచేత స్వపక్షమున ఇద్దరు మిగులుదురు. వారు తక్కినవారిని అడ్డగింతురు. ఎదుటివాడు ఏది తెగించినను అది తప్పే అగునట్లు కట్టిన ఏర్పాటిది. బలముచేత గాక చూపుచేత పని జరుగును.

ఇంత చక్కని ఏర్పాటు వెంటనే ఫలించెనని తలంపకుడి. 1968లో మొదటి ఆట హ్యూస్టన్‌తో 20-20 సమమాయెను. రెండవది టెక్సాసు టెక్ జట్టుతో 31-22గా ఓడిరి. ఫుల్‌బ్యాక్ మరీ దగ్గరగా నిలుచుచున్నాడని కనుగొని అతనిని కొంచెము వెనుకకు జరిపిరి. క్వార్టర్‌బ్యాక్ స్థానమునుండి బిల్ బ్రాడ్లీ అను పేరుగల యువకుని తీసి జేమ్స్ స్ట్రీట్ అనువానిని నిలిపిరి. అటుపిమ్మట వరుసగా 30 ఆటలు గెలిచిరి.

బ్రాడ్లీ సంగతి విడిచిపోలేము. అందరియెదుట స్థానము పోగొట్టుకొనిన ఆ యువకుడు అలిగి ఇంటికి పోలేదు. ఎదుటివారి బంతిని పట్టుకొను కాపలా పనికి మారి, ఆ యేటనే ఎ అండ్ ఎమ్ జట్టుపై ఒక్క ఆటలో నాలుగు తడవలు బంతిని దొరకబుచ్చుకొనెను. తరువాత జీతగాండ్ర ఆటలోనికి పోయి 1971, 1972 సంవత్సరములలో ఆ పనిలో అందరికంటె ముందుండెను.

1969 డిసెంబరు 6న ఆర్కన్సాస్ జట్టుతో జరిగిన ఆటను చూచుటకు ప్రెసిడెంటు నిక్సన్ వచ్చెను. 1977 ఉప్పెన తరువాత మన తీరప్రాంతమునకు వచ్చిన సువార్తికుడు బిల్లీ గ్రాహాముగారే ఆ దినమున ఆటకు ముందు ప్రార్థనచేసెను. మూడు భాగములు ముగియువరకు టెక్సాసు 14-0 వెనుకబడియుండెను. కడపట 15-14తో గెలిచెను. ఆ గెలుపుకు దారితీసినది దూరముగా విసరిన ఒక బంతి. పరుగునే నమ్మిన జట్టు నాలుగవ తడవ, అపాయకరమైన వేళ విసరెను. ఆ తెగింపు రాయల్‌గారిది. ఏర్పాటు రెండవవానిది, తెగింపు మొదటివానిది. ఆ తెగింపు విఫలమైనయెడల నింద కూడ మొదటివానిదే అయియుండును. ఇది మరువరాదు. విష్‌బోన్ ఎవరిదని అడిగినవారితో అది బెలార్డుగారిదని రాయల్‌గారు చెప్పెను.

ఒక సంగతి దాచుట న్యాయము కాదు. దేశమంతటికి ప్రథమముగా నిలిచిన ఆ 1969 జట్టులో నల్లజాతివాడు ఒక్కడును ఆడలేదు. జూలియస్ విట్టియర్ అను నల్లజాతి యువకుడు 1970లో గాని ఆ జట్టున ఆడలేదు. ఊరి బావియొద్ద నిలిచి చూచిన మన పెద్దలకు దీని అర్థము వివరింపనక్కరలేదు. ఎదుటివానిని అంత సూక్ష్మముగా చూచుట నేర్పిన స్థలములో, గుమ్మమునొద్ద నిలిచినవారు కనబడకపోయిరి.

1971 జనవరి 1న నోటర్ డేమ్ జట్టు 24-11తో ఆ విజయపరంపరను తెగగొట్టెను. ఈలోగా ఏర్పాటు ఇతరుల చేతికి పోయెను. ఒక్లహామా జట్టు 1970లో దానిని అవలంబించి, మరుసటి యేట టెక్సాసునే 48-27తో ఓడించెను. అలబామా ప్రధాన శిక్షకుడు బ్రయంట్‌గారికి 1971లో రాయల్‌గారే దానిని నేర్పెను.

బెలార్డుగారు 1972లో టెక్సాసుకు చిరకాల ప్రత్యర్థియైన ఎ అండ్ ఎమ్ యూనివర్సిటీకి ప్రధాన శిక్షకుడుగా వెళ్లెను. రెండవ స్థానమందున్నవాడు మొదటి స్థానము కోరుట తప్పా? తప్పని మేము అనము. అక్కడ బబ్బా బీన్ మొదలైన నల్లజాతి యువకులు ఆయన క్రింద ఆడిరి. 1975లో వరుసగా పది ఆటలు గెలిచి, టెక్సాసును 20-10తో ఓడించిరి. పిమ్మట ఆర్కన్సాస్ చేతిలో 31-6గా పడిరి. 1978లో మొదటి నాలుగు గెలిచి తరువాతి రెండు ఓడగానే, ఆటల కాలము నడుమనే ఆయన రాజీనామా చేసెను. ఏడేండ్లలో 48 గెలుపులు, 27 ఓటములు. మంచి లెక్కయే, అయినను, రాయల్‌గారి ప్రక్కన మూడేండ్లలో గెలిచినదానికి అది సాటి రాలేదని మా అభిప్రాయము.

తరువాత మిసిసిపి స్టేట్‌లో 1979 మొదలు 1985 వరకుండెను. అక్కడ గెలుపులకంటె ఓటములే ఎక్కువ, 37కు 42. అయితే 1980 నవంబరు 1న ఆ జట్టు 6-3తో అలబామాను ఓడించెను. అలబామా అప్పటికి వరుసగా 28 ఆటలు గెలిచి దేశమున ప్రథమ స్థానముననున్నది, ఆడుచున్నది విష్‌బోన్. దానిని కల్పించినవాని పిల్లలే దానిని ఆపిరి.

1988లో, అరువది యేండ్ల వయస్సున, ఆయన హ్యూస్టన్‌కు ఉత్తరముననున్న వెస్ట్‌ఫీల్డ్ హైస్కూలులో మరల పిల్లలకు శిక్షకుడుగా చేరి కొన్ని యేండ్లు ఆ పని చేసెను. 2011 ఫిబ్రవరి 10న, 83వ యేట, టెక్సాసులోనే కన్నుమూసెను.